ఇంజిన్ విప్పి చదువుకున్న తెలుగాయన.. జి.డి. నాయుడు

పుత్తూరు: ఈ ఊరి పేరు చెబితే బయటివాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఎముకల కట్టు. చెయ్యి విరిగిందనో, కాలు మడత పడిందనో ఎక్కడెక్కడి నుంచో జనం ఇక్కడికి వస్తారు. ఊళ్ళో ఉండేవాళ్ళకు మాత్రం ఇంకో రెండు సంగతులు కూడా తెలుసు. ఒకటి, తిరుపతి నుంచి చెన్నై పోయే రోడ్డు మీది మెకానిక్ షెడ్లు. రెండోది, ఊరి చుట్టుపక్కల వెలిసిన ఇంజినీరింగ్ కాలేజీలు.

ఈ రెండింటి మధ్య ఎటూ తేల్చుకోలేని ఇళ్ళు మనలో చాలానే ఉన్నాయి. అబ్బాది షెడ్డు పని. పెద్దోడు పదో తరగతితో చదువు ఆపేసి పానా పట్టుకున్నాడు. చిన్నోడు డిప్లొమాలోనో బీటెక్‌లోనో మెకానికల్ తీసుకున్నాడు. ఇప్పుడు వాడికి క్యాడ్ కోర్సు కావాలి. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, కాటియా అని ఏవేవో పేర్లు చెబుతాడు. ఆ కోర్సు ఫీజుకు ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. పెద్దోడికి ఇంజిన్ తెలుసు, కంప్యూటర్ తెలీదు. చిన్నోడికి కంప్యూటర్ తెలుసు, ఇంజిన్‌ను చేత్తో పట్టుకున్నదే లేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో భోంచేస్తారు గానీ ఒకడి విద్య ఇంకొకడికి అందదు.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. వందేళ్ళ కింద కోయంబత్తూరు పక్కన తెలుగు మాట్లాడే ఒక రైతు ఇంట్లో పుట్టిన ఒకాయన, బడి చదువు లేకుండానే ఇంజిన్ నేర్చుకుని, బస్సులు నడిపి, మోటార్లు తయారుచేసి, చివరికి ఇంజినీరింగ్ కాలేజీకే ప్రిన్సిపాల్ అయ్యాడు. చదువు ఎలా ఉండాలన్న దాని మీద ప్రభుత్వంతోనే పేచీ పెట్టుకున్నాడు. ఆయన పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జనం నోట జి.డి. నాయుడు.

కలంగల్ పిల్లోడు

నాయుడు పుట్టింది 1893 మార్చి 23న. ఊరు కలంగల్, కోయంబత్తూరుకు దగ్గర్లోని పల్లె. విజయనగర, నాయక రాజుల కాలం నుంచీ ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పుత్తూరు, నగరి వైపు వాళ్ళకు ఈ రెండు భాషల బతుకు గురించి వేరే చెప్పాల్సిన పని లేదు.

పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి వ్యవసాయం చూసుకుంటూ పిల్లాణ్ణి బడికి పంపాడు. బడి మాత్రం వాడికి పడలేదు. అయ్యవార్ల మీద ఇసుక చల్లి పారిపోయేవాడని ఆయన గురించి చెప్పే కథల్లో తప్పకుండా వస్తుంది. చదువు మూడో తరగతి దగ్గరే ఆగిపోయింది. పొలం పనుల్లో పెట్టారు. ఆ తర్వాత చదివినదంతా సొంతంగా చదువుకున్నదే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బడి మానేసి గొప్పవాళ్ళయిన కథలు పిల్లలకు చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త అవసరం. నాయుడు బడి మానేశాడే తప్ప చదువు మానలేదు. పుస్తకాలు తెప్పించుకుని చదివాడు, ఇంగ్లీషు నేర్చుకున్నాడు, తర్వాత విదేశాలు తిరిగి ఫ్యాక్టరీలు చూసి వచ్చాడు. ఆయన జీవితంలో చదువుకు సెలవు అన్నది లేదు.

హోటల్ పని, రడ్జ్ బండి

ఆయన దారి మళ్ళింది ఒక మోటారు సైకిల్ వల్ల. ఒక ఇంగ్లీషు అధికారి తమ ఊరి వైపు రడ్జ్ అనే కంపెనీ బండి మీద వచ్చాడు. అప్పట్లో కోయంబత్తూరు పల్లెల్లో ఎద్దుబండి, గుర్రబ్బండి తప్ప ఇంకోటి లేదు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తాను పరిగెత్తే ఆ బండిని చూసి కుర్రాడు నిలబడిపోయాడు. మిగతావాళ్ళు కూడా చూశారు, ఆశ్చర్యపోయారు, ఇళ్ళకు వెళ్ళిపోయారు. నాయుడికి మాత్రం అది లోపల ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా నిద్ర పట్టేట్టు లేదు.

చేతిలో డబ్బుల్లేవు. కోయంబత్తూరు వచ్చి ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. బల్లలు తుడిచాడు, టిఫిన్లు అందించాడు. పైసా పైసా కూడబెట్టాడు. ఆ డబ్బుతో చివరికి అలాంటి మోటారు సైకిల్ కొన్నాడు.

కొన్న బండి మీద ఊరంతా షికారు చేస్తాడనుకుంటాం. ఆయన దాన్ని విప్పేశాడు. నట్టు నట్టూ ఊడదీసి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. నేర్పేవాడు లేడు, పక్కన కూర్చుని తప్పు దిద్దే ఉస్తాద్ లేడు. తప్పు చేస్తే ఇంజినే చెప్పేది, స్టార్ట్ కాకుండా మొండికేసి. అలా మెకానిక్ అయ్యాడు.

గోనెపట్టా మీది పాఠం

షెడ్డులో పని నేర్చుకునే పిల్లాడికి మొదట చెప్పే పాఠం ఒకటుంది. ఇంజిన్ విప్పేటప్పుడు గోనెపట్టా పరిచి, తీసిన సామాను తీసిన వరసలోనే పెట్టాలి. చివర తీసింది ముందు ఎక్కాలి. ఆ వరస తప్పితే బిగింపు అయ్యాక కూడా చేతిలో ఒక వాషర్ మిగిలిపోతుంది. ఆ వాషర్ ఎక్కడిదో తెలుసుకోవాలంటే మళ్ళీ మొత్తం విప్పాల్సిందే.

క్యాడ్ నేర్చుకునే పిల్లాడు కంప్యూటర్ తెర మీద చేసేది కూడా ఇదే పని. ముందు ఒక సమతలం మీద గీత బొమ్మ వేస్తాడు, దాన్ని స్కెచ్ అంటారు. ఆ బొమ్మను మందంగా లాగితే ఎక్స్‌ట్రూడ్. ఒక ఇరుసు చుట్టూ తిప్పితే రివాల్వ్. అంచులు గుండ్రం చేస్తే ఫిల్లెట్. ఇలా ఒక్కో పార్టు తయారుచేసి, పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కూ, రాడ్‌ను క్రాంక్ షాఫ్ట్‌కూ కలిపితే అది అసెంబ్లీ. తెర పక్కన ఒక జాబితా కనిపిస్తూ ఉంటుంది. ఏ పని తర్వాత ఏ పని చేశాడో అందులో వరసగా ఉంటుంది. అది కంప్యూటర్ పరిచిన గోనెపట్టా.

తేడా ఎక్కడ వస్తుందంటే, తెర మీద ఇనుము వేడెక్కదు. ఒక ఉదాహరణ చూడండి. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే స్ప్లెండర్ బండి ఇంజిన్‌లో సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికీ పైకీ నడిచే దూరం 49.5 మిల్లీమీటర్లు. ఈ రెండింటితో లెక్క కడితే 97.2 సీసీ వస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లాడు సిలిండర్ 50, పిస్టన్ కూడా 50 అని వేసేస్తాడు. తెర మీద రెండూ చక్కగా కూర్చుంటాయి. పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది కూడా. వీడియో తీసి స్నేహితులకు పంపిస్తాడు.

అదే కొలతతో నిజంగా ఇంజిన్ చేస్తే ఆ పిస్టన్ సిలిండర్‌లోకి దిగదు. ఎలాగో దించినా వేడెక్కగానే పట్టేస్తుంది. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 50 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క 200 డిగ్రీలు వేడెక్కితే 0.2 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువే ఉబ్బుతుంది. ఇనుము అందులో సగమే. అందుకే పిస్టన్‌ను కొంచెం తక్కువ కొలతతో చేస్తారు. పైగా అది నిండు గుండ్రంగా కూడా ఉండదు. మంట తగిలే పైభాగం కాస్త సన్నం, కింది భాగం కాస్త కోలగా ఉంటుంది. పట్టేసిన ఇంజిన్ విప్పి, గీతలు పడిన పిస్టన్ చేత్తో పట్టుకుని చూసిన షెడ్డు పిల్లాడికి ఈ సంగతి ఒక్కసారి చెబితే చాలు. తెర మీద మాత్రమే పిస్టన్ చూసినవాడికి పదిసార్లు చెప్పాలి.

నాయుడు ఆ మోటారు సైకిల్ దగ్గర నేర్చుకున్నది ఇదే. ప్రతి పార్టుకూ ఆ ఆకారం ఎందుకొచ్చిందో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలిసినవాడే దాన్ని మార్చగలడు, ఇంకా బాగా చేయగలడు.

పత్తి ముంచింది, బస్సు తేల్చింది

మెకానిక్ పని తర్వాత నాయుడు నేరుగా పైకి పోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పత్తి వ్యాపారంలో దిగాడు. తిరుప్పూరులో పత్తి గింజ తీసే పని పెట్టి బాగానే సంపాదించాడు. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్ళి పత్తి బేరాల్లో డబ్బు పెట్టాడు. అక్కడి పెద్ద వ్యాపారుల ముందు నిలవలేకపోయాడు. సంపాదించింది పోగొట్టుకుని కోయంబత్తూరుకు తిరిగొచ్చాడు.

చేతిలో మిగిలింది ఇంజిన్ విద్య ఒక్కటే. అదే నిలబెట్టింది. కోయంబత్తూరులో వ్యాపారం చేస్తున్న రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు దొర సాయపడ్డాడు. 1920లో నాయుడు ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడిపాడు. మొదట్లో ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే, దారిలో ఆగిపోతే కిందికి దిగి బాగుచేసుకునే మెకానిక్కూ ఆయనే.

ఆ ఒక్క బస్సు పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. అంటే ఆ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. 1930లు వచ్చేసరికి ఆయన బస్సులు రెండు వందలు దాటాయి. దేశంలోనే చక్కగా నడిచే బస్సు కంపెనీల్లో ఒకటిగా పేరొచ్చింది.

ఇందులో మన షెడ్లవాళ్ళు గమనించాల్సిన విషయం ఉంది. ఒక్క బస్సు ఉన్నప్పుడు ఏ బోల్టు ఎప్పుడు వదులవుతుందో ఓనరు మనసులో ఉంటుంది. రెండు వందల బస్సులకు అది కుదరదు. ఏ సామాను ఎన్ని మైళ్ళకు మార్చాలి, ఏ కొలతది తెప్పించాలి అన్నది కాగితం మీద ఉండాలి. ఒక బండి పార్టు ఇంకో బండికి సరిపోవాలి. చేతి విద్య పెద్దదయ్యే కొద్దీ దానికి కొలత కావాలి, లెక్క కావాలి, బొమ్మ కావాలి.

కోయంబత్తూరు మోటారు

పుత్తూరు చుట్టుపక్కల రైతులకు కోయంబత్తూరు అనగానే గుర్తొచ్చేది బోరు మోటారు. పొలంలో మోటారు పైకి లాగినప్పుడు దాని మీద రేకు ముక్క చూస్తే కోయంబత్తూరు పేరు కనిపించడం మామూలే. ఆ పేరు వెనక నాయుడి పాత్ర ఉంది.

1930ల మొదట్లో నీలగిరి కొండల్లో పైకారా జల విద్యుత్ కేంద్రం మొదలై కోయంబత్తూరుకు కరెంటు వచ్చింది. బట్టల మిల్లులు పెరిగాయి. మిల్లుకు, బావికి, పిండి మరకు, అన్నిటికీ మోటార్లు కావాలి. అవన్నీ విదేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే. కాలిపోతే సామాను కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సిందే.

1937లో నాయుడు, డి. బాలసుందరం కలిసి కోయంబత్తూరులో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. భారతదేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్నే చెబుతారు. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ అనే కంపెనీ పెట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆ ఊళ్ళో మోటార్లు, పంపులు చేసే చిన్నా పెద్దా యూనిట్లు ఆ తర్వాత ఎన్నో వచ్చాయి.

మోటారు చూడ్డానికి సులువు. తిరగని భాగం ఒకటి, దాని లోపల తిరిగే భాగం ఒకటి, రెండింటి మధ్య సన్నటి గాలి సందు. ఆ సందు ఎక్కువైతే బలం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. మరీ తక్కువైతే బేరింగ్ కొంచెం అరిగినా రెండూ రాసుకుంటాయి. ఆ సందు చుట్టూ ఒకేలా ఉండాలి. కంటి అంచనాతో కుదిరే పని కాదది. కొలిచి గీయాలి, గీసింది గీసినట్టు కోయాలి. మోటారు సైకిల్ విప్పి నేర్చుకున్న మనిషి ఇరవై ఏళ్ళు దాటేసరికి ఈ స్థాయికి వచ్చాడు.

ఈలోగా ఆయన విదేశాలు కూడా తిరిగాడు. జర్మనీ కంపెనీతో కలిసి రసంత్ అనే షేవింగ్ రేజర్ బయటికి తెచ్చాడు. చిన్న మోటారు, బ్యాటరీ సెల్స్‌తో నడిచే రేజర్ అది. కెమెరాలంటే మోజు. 1936లో లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంత్యక్రియల్ని స్వయంగా ఫిల్ము తీశాడు. పళ్ళ రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా ఆయన చేసిన వస్తువుల జాబితా పెద్దదే. 1941లో అయిదు వాల్వుల రేడియో 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించాడు.

లైసెన్సు రాని కారు

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు ఒకటి తయారుచేశాడు. ధర 2,000 రూపాయలే. అప్పట్లో కారు అంటే జమీందార్లకు, పెద్ద ఆఫీసర్లకు మాత్రమే. చిన్న ఉద్యోగి కూడా కొనుక్కోగలిగే కారు అన్నది ఎవరి ఊహలోనూ లేదు.

ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు తయారీ ఆగిపోయింది. సామాన్యుడి కారు అన్న మాట మన దేశంలో నిజం కావడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది. 1983లో మారుతి 800 రోడ్డెక్కింది.

తప్పు ఎవరిదన్నది వేరే చర్చ. కానీ ఆ కారు కథలో ఒక బాధ ఉంది. పదిమంది చేసే పనిగా మారకముందే ఆగిపోయిన విద్య, ఎంత గొప్పదైనా, ఒక మనిషి గొప్పతనంగానే మిగిలిపోతుంది. ఊరికి అందదు.

నాలుగేళ్ళా, రెండేళ్ళా?

విద్యను పదిమందికి అందించే పని కూడా నాయుడు మొదలుపెట్టాడు. 1940ల్లో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ రావడానికి ముందు నిలిచింది ఆయనే. మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. 1945లో మొదలైన ఆ ఇంజినీరింగ్ కాలేజీయే ఇవాళ్టి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. మూడో తరగతి చదివిన నాయుడు ఆ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా కూర్చున్నాడు.

కూర్చున్నాక తేడా వచ్చింది. ఇంజినీరింగ్ నేర్పడానికి నాలుగేళ్ళు అక్కర్లేదు, సరిగ్గా నేర్పితే రెండేళ్ళు చాలు అన్నది ఆయన వాదన. పిల్లల వయసు, తల్లిదండ్రుల డబ్బు అనవసరంగా ఖర్చవుతున్నాయని ఆయన బాధ. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాయుడు పదవి వదిలేశాడు.

ఈ సంఘటన విని చాలామంది తప్పు అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. కాలం తగ్గించమన్నాడు గానీ నేర్పేది తగ్గించమనలేదు. ఆయన విద్యలో యంత్రం ముందుంటుంది, పుస్తకం పక్కన ఉంటుంది. ఇవాళ కొన్ని చోట్ల నెలన్నరలో, రెండు నెలల్లో క్యాడ్ నేర్పిస్తామని బోర్డులు కనిపిస్తాయి. కాలం తక్కువ కావడం తప్పేం కాదు. అడగాల్సింది వేరే. ఆ రెండు నెలల్లో పిల్లాడు ఒక్క నిజమైన పార్టునైనా చేతిలో పట్టుకుని కొలిచాడా? ఏ బటన్ నొక్కితే ఏ ఆకారం వస్తుందో మాత్రమే నేర్చుకుంటే, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రాగానే ఆ విద్య సగం పాతబడుతుంది. పిస్టన్ ఎందుకు అలా ఉందో తెలిస్తే అది ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పనికొస్తుంది.

గీసి పెడితేనే మిగిలేది

మరి చేత్తో పని నేర్చుకుంటే చాలా, బొమ్మ ఎందుకు అని షెడ్డు వైపు నుంచి ఇంకో ప్రశ్న వస్తుంది. దానికి జవాబు మన చరిత్రలోనే ఉంది.

ఇస్మాయిల్ అల్ జజరీ పేరు చాలా ఇళ్ళలో విన్నదే. ఇవాళ్టి తుర్కియేలోని దియార్‌బకర్‌లో అర్తుకీ రాజుల కొలువులో పనిచేసిన ఇంజినీరు. 1206లో ఆయన పూర్తిచేసిన పుస్తకంలో 50 యంత్రాలున్నాయి. నీటి గడియారాలు, నీళ్ళు పైకి తోడే యంత్రాలు, తిరిగే చక్రం కదలికను ముందుకూ వెనక్కూ ఆడే పిస్టన్ కదలికగా మార్చే రెండు సిలిండర్ల పంపు, ఇలా ఎన్నో. ఇంజిన్‌లో ఇది తిరగబడి జరుగుతుంది. అక్కడ పిస్టన్ ఆడితే షాఫ్ట్ తిరుగుతుంది.

అల్ జజరీ ఊరికే యంత్రం చేసి వదల్లేదు. ప్రతి యంత్రానికీ బొమ్మ వేశాడు. బొమ్మలో ప్రతి భాగానికీ ఒక అక్షరం గుర్తు పెట్టాడు. ఏ భాగం ఎంత కొలత, దేనితో చేయాలి, దేని తర్వాత ఏది బిగించాలి అన్నది రాశాడు. అందుకే 1976లో లండన్‌లో జరిగిన ఇస్లామిక్ ప్రపంచ ఉత్సవం కోసం ఆ పుస్తకం చూసి ఆయన నీటి గడియారాన్ని మళ్ళీ తయారుచేయగలిగారు. 770 ఏళ్ళ తర్వాత కూడా ఆ గడియారం నడిచిందంటే కారణం ఆ బొమ్మ, ఆ కొలత.

క్యాడ్ చేసేది కూడా ఆ పనే. నాయుడు బతికి ఉండగానే, 1963లో, అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి కంప్యూటర్ తెర మీద లైట్ పెన్నుతో బొమ్మ గీసే ప్రోగ్రాం చేసి చూపించాడు. దాని పేరు స్కెచ్‌ప్యాడ్. ఆటోక్యాడ్ 1982లో, సాలిడ్‌వర్క్స్ 1995లో వచ్చాయి. ఉస్తాద్ చేతిలో ఉన్న విద్య ఉస్తాద్‌తోనే పోకుండా, ఇంకో ఊళ్ళో, ఇంకో దేశంలో ఉన్నవాడు కూడా అదే పార్టు అదే కొలతతో చేసేలా ఈ సాఫ్ట్‌వేర్లు పనికొస్తాయి. నాయుడి కాలంలో ఇవి లేవు. ఉండి ఉంటే ఆయన మొదటి రోజే కంప్యూటర్ కొని, దాన్ని కూడా విప్పేసేవాడేమో.

చివరి రోజులు

నాయుడు చివరిదాకా కోయంబత్తూరులోనే ఉన్నాడు. తాను చేసినవీ, దేశదేశాల నుంచి తెచ్చినవీ జనం చూసేలా పారిశ్రామిక ప్రదర్శన ఏర్పాటు చేశాడు. బడిలో కూర్చోలేని పిల్లాడికి కూడా యంత్రాన్ని కళ్ళతో చూసి నేర్చుకునే చోటు ఒకటి ఉండాలన్నది అందులోని ఆలోచన. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశాడు. అవినాశి రోడ్డులోని ఆ ప్రదర్శనకు స్కూలు పిల్లలు ఇప్పటికీ వెళుతుంటారు. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద కట్టిన 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరు పెట్టారు. ఒకప్పుడు ఎద్దుబండ్లు నడిచిన ఊరు అది.

పుత్తూరు ఇళ్ళకు

ఇక్కడి నుంచి ఒక వైపు పోతే శ్రీసిటీ, అక్కడ ఇసుజు కార్ల ఫ్యాక్టరీ. ఇంకో వైపు పోతే చెన్నై, శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్, దాని చుట్టూ దానికి సామాను చేసి ఇచ్చే ఎన్నో కంపెనీలు. ఈ చోట్లన్నిటిలో పార్టు డ్రాయింగ్ చదవగలిగేవాడికి, ఆ డ్రాయింగ్ వెనక ఉన్న ఇనుము తెలిసినవాడికి విలువ ఉంటుంది. రెండూ తెలిసినవాడు దొరకడమే కష్టం.

ఆ రెండూ ఒకే ఇంట్లో, ఇద్దరు అన్నదమ్ముల దగ్గర విడివిడిగా పడి ఉన్నాయి. వాటిని కలపడానికి ముందు ఫీజు కూడా కట్టక్కర్లేదు. షెడ్డులో పనికిరాదని మూలన పడేసిన పిస్టన్ ఒకటి తీసుకోవాలి. దాన్ని కిరోసిన్‌తో కడిగి, వెర్నియర్ కాలిపర్‌తో పైన, మధ్యన, కింద కొలవాలి. అన్న కొలత చెప్పాలి, తమ్ముడు రాసుకోవాలి. ముందు కాగితం మీద పెన్సిల్‌తో ఎదురు నుంచి, పై నుంచి, పక్క నుంచి మూడు బొమ్మలు వేయాలి. ఆ తర్వాతే కంప్యూటర్. ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. అందులో ఆ పిస్టన్, గడ్జన్ పిన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్ షాఫ్ట్ ఒక్కొక్కటీ చేసి కలపాలి. ఎక్కడ ఒకటి ఇంకోదాన్ని తాకుతుందో సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. ఎందుకు తాకకూడదో అన్న చెబుతాడు.

ఈ పని చేసిన పిల్లాడు కోర్సులో చేరితే ఫీజుకు న్యాయం జరుగుతుంది. ఇంటర్వ్యూలో ఎదుటివాడు పార్టు చూపించి ఇది ఇలా ఎందుకుంది అని అడిగితే నోరు తెరిచి చెప్పగలుగుతాడు. షెడ్డులో ఉన్న అన్నకు కూడా వయసు మించిపోలేదు. డ్రాయింగ్ చదవడం వస్తే బండి రిపేరు చేసే చోటే రేపు చిన్న లేత్ పెట్టుకుని సామాను తయారుచేయొచ్చు. హోటల్లో బల్లలు తుడిచి మోటారు సైకిల్ కొన్నవాడు మోటార్ల ఫ్యాక్టరీ దాకా వెళ్ళింది ఇలాంటి మెట్ల మీదుగానే.

పుత్తూరులో కట్టు కట్టేవాళ్ళు ముందు చేత్తో తడిమి ఎముక ఎక్కడ తప్పిందో చూస్తారు. ఆ తర్వాతే కట్టు. క్యాడ్ కోర్సు ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు పిల్లాణ్ణి ఒక్క ఆదివారం షెడ్డుకు పంపి చూస్తే మంచిది. చేతులకు నూనె అంటించుకుని వస్తే, ఆ డబ్బు దండగ కాదని నమ్మొచ్చు.